చీనప్ప శావిగలు

మొన్న కడపలో ఏడు రోడ్ల దగ్గర మా మనవరాలు నన్ను ఒక తోపుడుబండి ముందు నిలబెట్టి, "అవ్వా, నూడుల్స్ తిందామా?" అంది. బండికి ఎర్ర అక్షరాలతో 'చైనీస్' అని రాసుంది. పక్కనే బల్లికీ పాముకీ మధ్యరకం బొమ్మ ఒకటి. బండి నడిపే కుర్రాడిది జమ్మలమడుగు పక్క పల్లెట. గరిటెతో బాండలిని టంగుటంగుమని వాయించి, ప్లేటు నా చేతిలో పెట్టి, నేను నోట్లో పెట్టుకున్నానో లేదో కూడా చూడకుండా తర్వాతి మనిషి వైపు తిరిగాడు. నాకు ఒళ్ళు మండింది. రుచి సంగతి తర్వాత. వండినవాడు తినేవాళ్ళ మొదటి ముద్ద చూడకపోతే అదేం వంట?

నాకీ పట్టింపు అంటించినాయన నిజంగానే చీనా దేశం మనిషి. పోయి చాలా కాలమైంది. పేరు చెప్పమంటే చెప్పలేను. ఊరంతా చీనప్ప అనేది, ఆయన పలికేవాడు. అసలు పేరేమిటని ఒకసారి అడిగితే ఏదో చెప్పాడు. నేను దాన్ని అటూ ఇటూ తిప్పి పలికి చూశాను. ఆయన కాసేపు విని, "వద్దులే టీచరప్పా, చీనప్పే బాగుండాది" అన్నాడు. మా పక్క మగవాళ్ళను 'అప్పా' అని పిలవడం మామూలే. ఈయన మాత్రం ఆడా మగా చూడకుండా అందరికీ అప్పా తగిలించేవాడు. పోస్టుమ్యానూ అప్పే, పాలామె కూడా అప్పే, బడిపంతులమ్మనైన నేనూ అప్పనే.

పులివెందుల దాటి కొండ వారగా పోతే ముగ్గురాయి గనుల ఊరు ఒకటుండేది. ఊరని మేము గౌరవానికి అనుకునేవాళ్ళం గానీ, రెండు వీధులు, ఒక ఆఫీసు, ఒక బడి, కూలీల గుడిసెలు, అంతే. పంతొమ్మిది వందల యాభైల్లో మా ఆయనకు అక్కడ గని ఆఫీసులో గుమాస్తా ఉద్యోగం, నాకు బడిలో ఉద్యోగం. ఎక్కడ చూసినా తెల్లటి రాతిదుమ్ము. వేపాకు తెలుపు, గాడిద తెలుపు, ఆరేసిన నల్లచీర తెలుపు. మా అమ్మ ప్రొద్దుటూరు నుంచి మొదటిసారి చూడ్డానికి వచ్చినప్పుడు, పెళ్ళయిన ఏడాదికే అల్లుడి తల నెరిసిపోయిందని గుమ్మంలోనే ఏడుపు మొదలుపెట్టింది. ఆయన నీళ్ళు పోసుకుని వచ్చాక ఊరుకుంది.

మా పెరటి గోడకు అవతల చీనప్ప హోటలు. రేకుల కొట్టం, మూడు బెంచీలు, ఆయనే పూసుకున్న ఎర్రరంగు గోడ. గనికి తెల్లదొర మేనేజరుగా ఉన్నప్పుడు వంటవాడిగా వచ్చాడట. దొర దేశం విడిచిపోయాడు, వంటాయన మిగిలిపోయాడు. ఎందుకు మిగిలిపోయావంటే ఒక్కొక్కరికి ఒక్కో కారణం చెప్పేవాడు. నేనడిగితే "ఈడ నీళ్ళు బాగుండాయి టీచరప్పా" అన్నాడు. ఆ ఊరి నీళ్ళలో పప్పు ఉడకదు, సబ్బు నురగ రాదు. ఆ నీళ్ళను మెచ్చుకున్న మనిషిని నేను ఇంకొకర్ని చూడలేదు. నన్ను వెక్కిరించాడని తెలుసుకోవడానికి నాకు కొంత కాలం పట్టింది.

హోటల్లో ఒకటే రకం. పొద్దున్నే గోధుమపిండి పిసికి, రెండు చేతులా సాగదీసి, మడతపెట్టి, మళ్ళీ సాగదీసి, సన్నటి పోగులు తీసేవాడు. మాది మగ్గాల ఇల్లు. పోగంటే ఏమిటో నాకు చెప్పక్కర్లేదు. అయినా పిండిలోంచి అంత పొడుగు పోగు వస్తుందని నేనూ అనుకోలేదు. మా పక్క సేమ్యాను శావిగలంటారు కదా, ఊరివాళ్ళు వీటిని చీనా శావిగలు అన్నారు. చెనక్కాయల నూనె, పచ్చిమిరపకాయలు, ఎర్రగడ్డలు, కోడిగుడ్డు, మద్రాసు నుంచి పార్శిలులో వచ్చే ఒక నల్లటి పులుసు. దానికి తోడు మన ఎర్రకారం. గనిలో దిగి వచ్చిన మనిషికి ముక్కు కారాలి, కళ్ళు కారాలి, అప్పుడు గానీ తిన్నట్టు కాదని ఆయన సిద్ధాంతం.

మొదట్లో ఊర్లో పుకార్లకు కొదవ లేదు. పాములు వండుతాడని ఒకరు, కప్పలు వండుతాడని ఒకరు. ఒక రోజు ఎవరో మొహం మీదే అడిగేశారు. చీనప్పకు కోపం రాలేదు. "ఈ ఊర్లో తాగేదానికే నీళ్ళు లేకపాయ, కప్ప యాడనుంచి వస్తాదప్పా? నీకు దొరికితే తీసుకురా, నేనూ చూస్తా" అన్నాడు. అడిగినవాడు కూచుని తిన్నాడు.

ఆ రోజుల్లో ఆడవాళ్ళు హోటల్లో కూచోరు. అందుకని నాకు ప్లేటు పెరటి గోడ మీదుగా వచ్చేది. ప్లేటు ఇచ్చి పోతాడా అంటే పోడు. గోడ అవతల గడ్డం వరకే కనబడుతూ నిలబడతాడు. నేను మొదటి ముద్ద నోట్లో పెట్టుకునేదాకా రెప్ప వేయడు. పెట్టుకోగానే, ఏదో పనున్నట్టు గబుక్కున తల తిప్పేసుకుంటాడు. చూస్తున్నాడని మనకు తెలియకూడదట! బెంచీల మీద కూచున్న కూలీలతోనూ ఇదే తంతు. ఎవరైనా బాగుందన్నారా, ఆయన దగ్గర ఒకటే జవాబు: "నిన్న రావల్సిందప్పా. నిన్న శానా బాగా కుదిరె." రోజూ తినేవాళ్ళతోనూ అదే మాట. నిన్నా నేనే తిన్నాను కదా చీనప్పా అంటే, "నువ్వు తిని పోయినాంక కుదిరె" అనేవాడు. ఈయనతో మాట్లాడి గెలిచినవాళ్ళు లేరు.

ఆయనకొక కూతురు, ఓబుళమ్మ. తల్లి గనిలో గంపలు మోసిన మనిషి, మేము ఆ ఊరు పోయేనాటికే లేదు. పిల్లకు కళ్ళు నాయనవి, నోరు మాత్రం అచ్చం కడప జిల్లాది. నా దగ్గర చదువుకుంది, పెద్దదయ్యాక చిన్నపిల్లలకు అక్షరాలు దిద్దించడంలో నాకు సాయం చేసేది. చీనప్ప ఆ పిల్ల తలకు తనే నూనె పెట్టి జడ వేసేవాడు. కనకాంబరాలు కట్టడం కూడా నేర్చుకున్నాడు. ఒక సాయంత్రం గోడ దగ్గరికి వచ్చి, "టీచరప్పా, మా పాపకు మన వంట నేర్పించు" అన్నాడు. సంగటి, పులుసు, మేము ఓళిగలనే బొబ్బట్లు, అన్నీ రావాలట. 'మన వంట' అన్నాడు చూడండి, ఆ మాటకు నేను అప్పుడు నవ్వుకున్నాను. ఇప్పుడు నవ్వు రాదు.

హోటలుకూ వాళ్ళ ఇంటికీ మధ్య ఒక తలుపుండేది. ఆ తలుపు ఆయన దాటొచ్చు, పిల్ల దాటకూడదు. ఆయనైనా ఊరికే దాటడు. హోటలు కట్టేసి, పెరట్లో సున్నిపిండితో ఒళ్ళు రుద్దుకుని, పంచె మార్చుకుని గానీ ఇంట్లోకి పోడు. ఇదేం మడిరా దేవుడా అని మేము నవ్వుకునేవాళ్ళం. ఒక ఎండాకాలం ఆయనకు జ్వరం తగిలింది. బెంచీల మీద జనం కూచుని ఉంటే ఓబుళమ్మ పాపం తలుపు దాటిపోయి, పొయ్యి రాజేసి, పిండి కలపబోయింది. ఆయన మంచం మీంచి లేచి వచ్చి అరిచిన అరుపు నాకు మా ఇంట్లోకి వినబడింది. చీనప్ప గొంతు పెంచడం అదే వినడం. పిల్ల ఏడుస్తూ మా ఇంటికి వచ్చింది. నేను ఊరుకునేదాన్నా? కొంగు దోపుకుని పోయాను.

"ఏంది చీనప్పా, బిడ్డ నీకు సాయం చేస్తే అది తప్పా?"

"తప్పే టీచరప్పా." గోడకు ఆనుకుని కూచున్నాడు, జ్వరంతో వణుకుతున్నాడు. "నన్ను చూసి చీనావాడంటారు. అననీలే, నేను చీనావాణ్ణే. ఆ పిల్లను చూసి అనగూడదు. రేపు ఒగింటికి పోవాల్సిన పిల్ల. ఆ ఇంట్లో నలుగురి పక్కన కూచున్నప్పుడు ఈ పులుసు వాసన రాగూడదు. ఇది పట్టుకుంటే యెంత కడిగినా పోదప్పా."

నేను పోట్లాడ్డానికి పోయి, ఆయనకు కషాయం కాచి ఇచ్చి వచ్చాను.

ఇలా ఉండగా ముగ్గురాయి లారీ నడిపే అబ్బాయి ఒకడు ఓబుళమ్మను చేసుకుంటానన్నాడు. కోయిలకుంట్ల దగ్గర పల్లె, సేద్యం చేసుకునే ఇల్లు, తండ్రి లేడు. ఎక్కడికి పోయినా తిండికి చీనప్ప హోటలుకే చేరేవాడు. పిల్లను బడి దగ్గర చూశాడు. ఇంటికి పోయి, చేసుకుంటే ఆ పిల్లనే, లేకపోతే లేదని కూచున్నాడట. తల్లి నెత్తీ నోరూ కొట్టుకుని, చివరికి వాడి మేనమామ వచ్చి చూసి ఒప్పుకుంటే తనకూ సమ్మతమేనని కబురు పెట్టింది. కబురు వచ్చిన రోజు చీనప్ప కాలు కాలిన పిల్లిలా ఇంటికీ పెరటికీ తిరిగాడు. పిల్లకు ఇష్టమేనా అని నన్ను అడగమన్నాడు. అడిగాను. ఓబుళమ్మ పలక మీద ఏమీ లేనిచోట తుడుస్తూ కూచుంది. ఇంక అడిగేదేముంది!

మా పక్క ఒక పద్ధతి ఉంది. పిల్లను చూడ్డానికి వచ్చినవాళ్ళు సంబంధం నచ్చితేనే ఆ ఇంట్లో అన్నానికి కూచుంటారు. నచ్చకపోతే మంచినీళ్ళు తాగి లేచిపోతారు. మాటల్లో కాదనడం ఉండదు, విస్తరి దగ్గరే తేలిపోతుంది. ఆ సంగతి చీనప్పకు మనకన్నా బాగా తెలుసు. ఇన్నేళ్ళుగా ఆయన భయమంతా ఆ విస్తరి గురించే. తన చేతి తిండి కూలికి పోయేవాళ్ళు ఆకలికి తింటారు, వియ్యానికి వచ్చినవాళ్ళు తింటారా? అందుకని వంట నన్ను చేయమన్నాడు. హోటలు మూసేశాడు. ఎర్రగోడకు సున్నం కొట్టాడు. నల్ల పులుసు సీసాలు గోనెసంచుల కింద దాచాడు. సాంబ్రాణి ఎంత వేశాడంటే మాకు గోడ ఇవతల కూడా దగ్గు వచ్చింది. నేనూ ఓబుళమ్మా కలిసి సంగటి, నాటుకోడి పులుసు, అలసంద వడలు, ఓళిగలు చేశాం. ఆయన వంటింట్లోకి తొంగి చూసి, "ఏమీ తేడా రాలేదు గదా టీచరప్పా? మన ఇండ్లల్లో మాదిరే ఉండాది గదా?" అని అడిగిందే అడిగాడు.

వాళ్ళు లారీలోనే వచ్చారు. పెళ్ళికొడుకు మర్యాదకు లోపలికి రాకుండా, బయటే లారీ అద్దం తుడుస్తూ నిలబడ్డాడు. దిగింది ముగ్గురు. తల్లి, మేనమామ, ఇంకా ఆ అబ్బాయి జేజి, అంటే అవ్వ. మేనమామ పెద్ద తలపాగా, పెద్ద మీసం, మాట మాత్రం పిసరంత. పిల్లను తెచ్చి కూచోబెట్టాం. ఏం చదివావని ఆయనొక మాట అడిగాడు. తల్లి పిల్ల వేళ్ళు పట్టుకుని చూసింది. జేజికి ఓపిక లేదు. "ఇంగేం చూడాల్రా? పండ్లు లెక్కబెట్టేదానికి ఇదేమన్నా ఎద్దా? పిల్ల బాగుండాది" అంది. మేనమామ మీసం కింద నవ్వి, లేచి కాళ్ళు కడుక్కుని వచ్చి విస్తరి ముందు కూచున్నాడు. ముగ్గురూ కూచున్నారు. నాకు గుండెల మీంచి బండ దించినట్టయింది.

వడ్డించాం. సంగటి మీద నెయ్యి వేశాను, పక్కన పులుసు పోశాను. మేనమామ చెయ్యి మాత్రం ఒళ్ళోనే ఉంది. విస్తరి చూశాడు, వంటింటి వైపు చూశాడు, మళ్ళీ విస్తరి చూశాడు. ఆయన మొదలుపెట్టందే ఆడవాళ్ళు మొదలుపెట్టరు.

"ఇంగేమన్నా ఉండాదా?" అన్నాడు.

"ఉండాదప్పా, ఓళిగలుండాయి, పెరుగుండాది." చీనప్ప అప్పుడే ఓళిగల తట్టకు చెయ్యి చాపాడు.

"ఊఁ" అన్నాడు మేనమామ. చెయ్యి కదల్లేదు.

చీనప్ప మొహం సున్నం కొట్టిన గోడలాగే అయింది. విస్తరి ముందు కూచుని ముట్టకుండా లేస్తే, అది మంచినీళ్ళు తాగి పోవడం కంటే పెద్ద అవమానం. తలుపు చాటున ఓబుళమ్మ చీరకొంగు నోట్లో కుక్కుకుంది. నాకు కోపం ఆగలేదు. నేను పంతులమ్మను, తప్పు కనబడితే నోరు లేచే జాతి.

"ఏమన్నా, చెయ్యి పెట్టడం లేదే? వండింది నేను. ప్రొద్దుటూరు మగ్గాలోళ్ళ బిడ్డను. ఆయన చెయ్యి దీంట్లో పడలేదు. పిల్ల నచ్చి కూచుంటివి, నాయన నచ్చలేదా?"

మేనమామ ఉలిక్కిపడ్డాడు. "అయ్యో, అట్లెందుకంటామమ్మా? అట్ల కాదు..." అని గడ్డం గోక్కున్నాడు. అంత పెద్ద మీసం మనిషి చిన్నపిల్లాడిలా జేజి వైపు చూశాడు.

"నోరుండాది గదరా, అడుగు" అని జేజి ఆయన్ని కసిరి, తనే చీనప్ప వైపు తిరిగింది. "ఏమప్పా, సంగటి తినేదానికా మేము లారీ యెక్కి, నడుములు ఇరగ్గొట్టుకోని ఈడికొచ్చింది? సంగటి మా ఇంట్లో లేదా? మా మనవడు ఇంటికొస్తే సాలు, చీనా శావిగలు, చీనా శావిగలని సంపుతాడు. యీదిలో అందరికీ చెప్పొస్తిమి, అయి తినొస్తామని. యీడు మీసాలకు నూనె పెట్టుకోని మరీ వచ్చినాడు. ఇప్పుడు పోయి ఏం చెప్పాల? సంగటి తింటిమని చెప్పాల్నా?"

చీనప్పకు ఆ మాటలు అర్థం కావడానికే చాలాసేపు పట్టింది.

"అయి కూలోళ్ళు తినేవవ్వా" అన్నాడు చివరికి. "ఇంటికొచ్చిన పెద్దమనుషులకు పెట్టేవి కాదు."

"మేమేమన్నా జమీందార్లమా? చేను దున్నుకోనేటోళ్ళం. పెడతావా, లేసిపోదామా?"

ఆయన నా మొహం చూశాడు. "నన్నేం చూస్తావు? పోయి పిండి కలుపు" అన్నాను. విస్తరి వదిలి లేవడం మంచిది కాదని మేనమామ సంగటి తుంచి, పులుసులో ముంచి, ఒక ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. "ఇది సమ్మందానికి తింటాండా, అయి నాకోసరం తింటా" అన్నాడు. తలుపు చాటున ఓబుళమ్మ కిందికి కూలబడి, కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. అంతే, పెళ్ళి కుదిరిపోయింది.

తర్వాత అందరూ ఆ తలుపు దాటి హోటల్లోకి పోయారు. జేజి పొయ్యి దగ్గరే పీట వేయించుకుంది. చీనప్ప పిండి సాగదీస్తుంటే, "అమ్మో, తెగుతాది, తెగుతాది" అని ఆమె కేకలు. తెగలేదు. గోనెసంచుల కిందనుంచి సీసాలు బయటికి వచ్చాయి. మేనమామ తినడం మొదలుపెట్టాక తల ఎత్తలేదు. అయిపోయాక ముక్కు తుడుచుకుని, "శానా బాగుండాదప్పా" అన్నాడు.

"నిన్న రావల్సిందప్పా, నిన్న ఇంగా బాగా కుదిరె" అన్నాడు చీనప్ప, అలవాటు కొద్దీ.

"నిన్న అష్టమి గదప్పా, ఎట్లొస్తాము?" అన్నాడు మేనమామ, నిజంగానే బాధపడుతూ. నేను నవ్వు ఆపుకోలేక పెరట్లోకి పోయి వచ్చాను.

వచ్చి చూస్తే పెళ్ళికొడుకు తల్లి గుమ్మం వైపు చూస్తోంది. అందరూ ఇవతల ఉన్నారు. ఓబుళమ్మ ఒక్కతే గడప అవతల నిలబడి ఉంది.

"నువ్వు రావేం పిల్లా?" అందామె. పిల్ల నాయన వైపు చూసింది.

"ఆమె ఈడికి రాదమ్మా" అన్నాడు చీనప్ప.

"అదేంది? అయితే ఈ వంట పిల్లకు రాదా?"

"రాదు."

"యాల నేర్పకపోతివన్నా? ఇంత పని చేతిలో పెట్టుకోని కన్నబిడ్డకు ఇయ్యకపోతివా?"

"వాసన పట్టుకుంటాదని..." అని నసిగాడు.

"వంటింట్లో కూడు వాసన గాక ఇంగేం వాసన వస్తాదన్నా? మా వాడు నీ చేతి కూడు మరిగినాడు. రేపు మా ఇంట్లో అడిగితే ఎవరు చేసిపెట్టాల, నేనా? ఉగాది పోయినాంక పెండ్లి పెట్టుకుందాం. అంతలోపల నేర్పు."

చీనప్ప పొయ్యి వైపు తిరిగి, ఆరిపోయిన పొయ్యిని ఊదుతూ కూచున్నాడు. పొగ లేదు, కళ్ళు మాత్రం తుడుచుకున్నాడు. నేనూ తుడుచుకున్నాను, దాచడమెందుకు.

మర్నాడు పొద్దున గోడ మీదుగా చూశాను. ఓబుళమ్మ మోచేతుల దాకా పిండితో హోటల్లో బల్ల ముందు నిలబడి ఉంది. పక్కనే చీనప్ప, చేతులు వెనక్కి కట్టుకుని. పిల్ల సాగదీస్తుంది, తెగిపోతుంది. మళ్ళీ సాగదీస్తుంది, మళ్ళీ తెగిపోతుంది. విసిగిపోయి పిండి బల్ల మీద పడేసింది.

"నాయినా, చిన్నప్పుడే చేతికిచ్చింటే ఈపాటికి వచ్చుండేది గదా. ఇన్నేండ్లూ ఎందుకు చెప్పకపోతివి నాకు?"

ఆయన వంగి, తెగిన పిండిముక్క ఒకటి వేలితో తాకి చూశాడు.

"నాకు వచ్చింది ఇదొగటే గదమ్మా" అన్నాడు. "ఇదొగటే నీకు రాగూడదనుకుంటి."

ఓబుళమ్మ నాయన మొహం చూసింది. బల్ల మీది ముక్కలన్నీ మళ్ళీ ఒక్కచోట చేర్చి, ముద్ద చేసి ఆయన ముందుకు జరిపింది.

"ఇంగొగసారి చూపియ్" అంది.